డాక్టరు గారి చెయ్యి అదిరితే

చెయ్యి ముందుకు చాచి, వేళ్లు విడదీసి, వాటి మీద ఒక తెల్లకాగితం పరచండి. కాసేపు చూస్తే కాగితం అంచులు సన్నగా అదురుతూ కనిపిస్తాయి. థైరాయిడ్ అనుమానం ఉన్నవాళ్లకు డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పరీక్ష ఇది. కంటికి ఆనని వణుకును కాగితం పెద్దది చేసి చూపిస్తుంది.

ఆ అదురు దానంతటది జబ్బేమీ కాదు. బతికున్న ప్రతి మనిషి చేతిలోనూ ఉంటుంది, సెకనుకు 8 నుంచి 12 సార్లు. నరాల నుంచి కండరాలకు ఆజ్ఞలు ఏకధారగా కాక విడివిడిగా అందుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒళ్లంతా చిన్న కుదుపు పాకుతుంది. ఆ రెండూ కలిసి చేతిని కదిలిస్తూనే ఉంటాయి. రాత్రి నిద్ర చాలకపోయినా, పొద్దున తిండి మానేసినా, కాఫీ ఎక్కువైనా, భయం పట్టుకున్నా అది పెరుగుతుంది.

సర్జన్ చేతిలోనూ ఈ వణుకు ఉంటుంది. సూది వేసే నర్సమ్మ చేతిలో, పన్ను పీకే డాక్టరు చేతిలో, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్ చేతిలో ఉంటుంది. అది హద్దు దాటి పైకి కనబడే రోజు వస్తే ఏం చేయాలన్న సంగతి మాత్రం మన ఆసుపత్రుల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయంగానే మిగిలిపోయింది.

ఒక పల్లె సంగతి తీసుకుందాం. గూళూరు కర్ణాటకలోని బాగేపల్లి తాలూకాలో హోబళి కేంద్రం, నిడుమామిడి మఠం ఉన్న ఊరు. బళ్లో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇక్కడి మనిషి జ్వరానికో టీకాకో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతాడు. కాన్పుకు బాగేపల్లి తాలూకా ఆసుపత్రి. అక్కడ కాదంటే చిక్కబళ్ళాపురం. నరాల జబ్బయితే హైవే ఎక్కి, బాగేపల్లి నుంచి సుమారు 100 కిలోమీటర్లు పోయి బెంగళూరు నిమ్హాన్స్. గుండె ఆపరేషన్ అంటే చాలామందికి రాష్ట్ర సరిహద్దు దాటి పుట్టపర్తిలో 1991లో మొదలైన ఉచిత ఆసుపత్రి గుర్తొస్తుంది. పైకి పోయే కొద్దీ ఒకరి చెయ్యి బాగోలేకపోతే అందుకునే మరో చెయ్యి పక్కనే ఉంటుంది. కింద ఆ వెసులుబాటు ఉండదు. టీకా రోజున పిల్లల తల్లులు వరసలో కూర్చుని ఉంటే సూది పట్టుకునేది ఒక్క ఆరోగ్య కార్యకర్తే. వేరుశనగ చేలో పాము కరిచినవాణ్ణి రాత్రిపూట మోసుకొస్తే నరం వెతికి సెలైన్ ఎక్కించాల్సింది డ్యూటీలో ఉన్న ఒక్క నర్సే.

ఆమె చెయ్యి అదిరితే ఎదురుగా కూర్చున్నవాళ్లకు ముందు భయం, ఆ తర్వాత అనుమానం. మగ డాక్టరైతే అనుమానం నేరుగా మద్యం మీదికే పోతుంది. ‘ఏమప్పా, చెయ్యి అదరతాంది, తాగినాడేమో’ అన్న మాట పుట్టడానికి క్షణం పట్టదు. ఆ ఒక్క మాటకు జంకి ఎంతమంది ఏళ్లతరబడి తమ వణుకును దాచుకుంటూ వస్తున్నారో లెక్కగట్టినవాళ్లు లేరు. దాచడమే రోగికి అన్నిటికన్నా ప్రమాదమని నా నమ్మకం. కనబడే వణుకుకు ఉపాయం చేయొచ్చు. దాచిన వణుకుకు ఉపాయం చేసే అవకాశం ఎవరికీ దొరకదు.

పట్టుపోగంత దారం

వణుకు ఎక్కడ ముప్పు, ఎక్కడ కాదు అన్నది ముందు తేల్చుకోవాలి. శిడ్లఘట్ట రీలింగ్ కొట్టాల్లో, వేన్నీళ్లలో ఉడికిన పట్టుగూటి నుంచి పోగు కొస వెతికి పట్టే చేతుల్ని చూసినవారికి ఈ లెక్క తేలిగ్గా అందుతుంది. ఒక్క గూటి నుంచి వచ్చే పోగు మందం ఇంచుమించు 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కంటి నల్లగుడ్డు మీద కుట్లు వేసే 10-0 నైలాన్ దారం కూడా అంతే సన్నం, 20 నుంచి 29 మైక్రాన్లు. మైక్రోస్కోప్ కింద పనిచేసే కంటి సర్జన్ చేతి సహజమైన వణుకును పరిశోధకులు పరికరాలతో కొలిస్తే సుమారు 100 మైక్రాన్లని తేలింది. ఏ జబ్బూ లేని, చేయితిరిగిన సర్జన్ చెయ్యి కూడా తాను కుట్టే దారం మందానికి నాలుగు రెట్లు కదులుతోందన్నమాట. శుక్లం ఆపరేషన్‌లో చిరగకుండా కాపాడాల్సిన వెనక పొర మధ్యభాగం మందం దాదాపు 4 మైక్రాన్లే. అయినా మన పల్లెల నుంచి పోయిన ముసలివాళ్లు చూపు తెచ్చుకుని ఇంటికి వస్తున్నారు.

వణుకు లేని చేతులు దొరికి ఇది సాధ్యం కావడం లేదు. వణుకును అదుపులో పెట్టే పద్ధతి నేర్చుకోవడం వల్ల సాధ్యమవుతోంది. కంటి సర్జన్ చేతులు గాలిలో ఉండవు. అరచేతి అంచు, చిటికెన వేలు రోగి నుదుటి మీద ఆనుకుని ఉంటాయి, కదలిక వేళ్ల కొసల వరకే పరిమితమవుతుంది. కుర్చీ ఎత్తు, మోచేతి కింద ఆధారం, మైక్రోస్కోప్ అమరిక అన్నీ ఆపరేషన్‌కు ముందే సరిచూసుకుంటారు. రక్తనాళాలను అతికే ప్లాస్టిక్ సర్జన్లకూ ఇదే శిక్షణ. ముంజేయి మొత్తం బల్ల మీద ఆనించి, పరికరాన్ని పెన్ను పట్టినట్టు పట్టుకోవడం మొదటి పాఠం.

కడుపు కోసి చేసే ఆపరేషన్లలో మిల్లీమీటరులో పదో వంతు కదలిక పెద్ద లెక్కలోకి రాదు. సిజేరియన్, హెర్నియా, ఎముకల పని వంటి వాటిలో చిన్న వణుకు ఫలితాన్ని మార్చదు. అక్కడ ఏది కోయాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు అసలు కత్తి పట్టకూడదు అన్న తెలివిదే పెద్ద పాత్ర. లాపరోస్కోపీ సంగతి వేరు. పొడవాటి కడ్డీలు పొట్ట గోడ దగ్గర ఇరుసు మీద తిరిగినట్టు తిరుగుతాయి కాబట్టి చేతి వణుకు లోపలి కొసకు చేరేసరికి పెద్దదవుతుంది. పైగా గదిలో ఉన్నవాళ్లందరికీ తెర మీద కనబడుతుంది. కొత్తగా నేర్చుకునే పీజీకి ఇది నరకం. సీనియర్ ఒక్క కసురు కసిరితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, దాంతో వణుకు రెట్టింపవుతుంది. బోధనాసుపత్రుల్లో ఇప్పటికీ కొందరు ఈ కసురునే శిక్షణ అనుకుంటున్నారు. ఆ అలవాటు పోవాలి.

అన్ని వణుకులూ ఒకటి కావు

వణుకు గురించి మొదటి గొప్ప పుస్తకం రాసినవాడూ సర్జనే. లండన్ శివారు హాక్స్‌టన్‌లో సర్జన్‌గా, మందులిచ్చే వైద్యుడిగా పనిచేసిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ‘వణికే పక్షవాతం’ మీద చిన్న వ్యాసం అచ్చువేశాడు. అందులో వర్ణించింది ఆరుగురినే. వాళ్లలో కొందరు దారిన పోతూ ఆయన కంటబడినవాళ్లు. ఆయన పేరుతో పిలిచే జబ్బులో వణుకు చెయ్యి ఊరకే ఒళ్లో ఉన్నప్పుడు ఎక్కువగా కనబడుతుంది, సెకనుకు 4 నుంచి 6 సార్లు. తరచుగా ఒక పక్కనే మొదలవుతుంది. చెయ్యి పనిలో పడితే తగ్గుతుంది కూడా. సర్జన్‌ను అసలు దెబ్బతీసేది ఆ వణుకుకన్నా దానితోపాటు వచ్చే మందకొడితనం, బిగుసుకుపోవడం. దస్తూరి నానాటికీ చిన్నదైపోవడం కూడా ఒక గుర్తు.

మన ఆయుర్వేదం దీన్ని కంపవాతం అంది. దూలగొండి గింజల్లో ఈ జబ్బుకు వాడే లెవోడోపా అనే పదార్థం ఉందని మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేసి చూపారు. దాన్ని మందుగా వాడటం మొదలైంది ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటాకే.

వైద్య సిబ్బందిలో ఎక్కువగా తారసపడేది మరొకటి, ఎసెన్షియల్ ట్రెమర్. మొత్తం జనంలో నూటికి ఒకరికి, 65 ఏళ్లు దాటినవాళ్లలో ఇంచుమించు ఇరవైమందిలో ఒకరికి ఉంటుందని అంచనా. చాలా ఇళ్లలో ఇది వంశంలోనే వస్తుంది. నాన్న కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగడం చూస్తూ పెరిగిన కొడుకు నలభై ఏళ్లకు తన చేతిలోనూ దాన్ని గుర్తిస్తాడు. ఇది పార్కిన్సన్‌కు ఎదురు తీరు. చెయ్యి ఊరకే ఉన్నప్పుడు నెమ్మదిగా ఉండి, పనిలోకి దిగగానే మొదలవుతుంది. అంటే సూది గుచ్చబోయే క్షణంలో, సంతకం పెట్టబోయే క్షణంలో. కాగితం మీద నత్తగుల్ల చుట్ట గీయమంటే గీత అలలు అలలుగా వస్తుంది. చాలాసార్లు తలకూ గొంతుకూ కూడా పాకుతుంది.

ఒక పెగ్గు మద్యం ఈ వణుకును కాసేపు తగ్గిస్తుందన్నది వైద్యులందరికీ తెలిసిన సంగతి. అందులోనే పెద్ద గుంట ఉంది. తాగాడేమో అన్న మాటకు భయపడి ఎవరికీ చెప్పుకోలేని మనిషి, రహస్యంగా మద్యాన్నే మందు చేసుకోవచ్చు. మత్తు దిగాక వణుకు ఇంకా పెరుగుతుంది. మొదట అబద్ధంగా పుట్టిన నింద అలా నిజమైపోతుంది. ఊరివాళ్ల నోటిమాట ఒక మనిషి వృత్తినీ కాపురాన్నీ కూల్చగలదు.

ఇవి రెండూ కాక, వెతికితే దొరికే కారణాలు చాలా ఉన్నాయి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, చక్కెర పడిపోవడం, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్ప్రొయేట్, మానసిక వైద్యంలో వాడే లిథియం. చిన్న వయసులో వణుకు మొదలైతే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్స్ జబ్బేమో చూడాలి. అందుకే వణుకు కనబడ్డ నర్సుకైనా సర్జన్‌కైనా మొదట కావలసింది ఒక రక్తపరీక్ష, వాడుతున్న మాత్రల జాబితా. చాలామందిలో కథ అక్కడే తేలిపోతుంది.

మాత్ర, దాని మర్యాద

ఎసెన్షియల్ ట్రెమర్‌కు ఇప్పటికీ మొదటి వరస మందు ప్రొప్రనొలాల్. దీన్ని జేమ్స్ బ్లాక్ 1960లలో గుండెజబ్బు కోసం తయారుచేశాడు, 1988లో నోబెల్ అందుకున్నాడు. చవకైన మాత్ర. చాలామందిలో వణుకును పూర్తిగా పోగొట్టకపోయినా పనికి అడ్డం రానంత తగ్గిస్తుంది. 1997లో అమెరికా కంటి వైద్యుల బృందం ఒకటి సర్జన్ల చేతుల మీదే దీన్ని పరీక్షించి చూసింది. కెఫీన్ వణుకును పెంచింది, ప్రొప్రనొలాల్ తగ్గించింది. ఆటల లోకంలో తుపాకీ గురిపోటీల్లో ఇది నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు ఈ మందు వాడినట్టు తేలి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. ఆపరేషన్ బల్ల దగ్గర పోటీ ఏమీ లేదు. చెయ్యి నిలకడగా ఉంటే మేలు రోగికే. కాబట్టి డాక్టరు రాసిచ్చిన ఈ మాత్రను సర్జన్ వేసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. సొంతంగా వేసుకోవడం మాత్రం తప్పు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో చక్కెర పడిపోయే హెచ్చరికలను కప్పేస్తుంది. మాత్రలకు లొంగని వణుకుకు మెదడులో సన్నటి తీగ అమర్చే డీబీఎస్ ఉంది. ఫ్రాన్స్‌లో బెనబిడ్ 1987లో మొదలుపెట్టిన ఈ చికిత్స బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ హైదరాబాద్ నిమ్స్‌లోనూ దొరుకుతుంది.

మధురై డాక్టరు వంకర వేళ్లు

చేతుల మీద బతికే వైద్యుడికి చేతులే ఎదురుతిరిగితే ఏమవుతుందో చెప్పడానికి మన పొరుగు నుంచే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. తమిళనాడు దక్షిణాన వడమలాపురంలో 1918లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామి మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి, సైన్యంలో డాక్టరుగా చేరారు. కాన్పుల డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. తీవ్రమైన కీళ్లవాతం పట్టుకుని వేళ్లన్నీ వంకర తిరిగాయి. ఏడాదికి పైగా మంచం దిగలేదు. ఆయన జబ్బు వణుకు కాదు. కాని ప్రశ్న ఒకటే, ఈ చెయ్యి కత్తి పట్టగలదా?

కాన్పుల వైద్యం కుదరదని ఆయన ఒప్పుకున్నారు. కంటి వైద్యానికి మళ్లి 1951లో డిప్లొమా చేశారు. తన వేళ్లకు సరిపడేలా పరికరాలు చేయించుకుని, వాటితో సాధన చేసి, ఒక్క రోజులో 100 దాకా కంటి ఆపరేషన్లు చేయగలిగే స్థాయికి చేరారు. జీవితకాలంలో స్వయంగా లక్షకు పైగా చేశారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకు విరమించి 1976లో మధురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. 2006లో కన్నుమూశారు.

ఈ కథను ‘సంకల్పం ఉంటే చాలు’ అని చెప్పుకుంటే సగం జారిపోతుంది. తన చెయ్యి ఏం చేయలేదో ముందు ఆయన ఒప్పుకున్నారు. తర్వాత విభాగం మార్చుకున్నారు, ఆ తర్వాత పనిముట్లు మార్చుకున్నారు. అన్నిటికన్నా మించి, ఆ వంకర వేళ్లు దాచుకునేందుకు వీలు లేనివి. చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసే ఆయన పనిచేశారు. వణుకున్న వైద్యుడికి మన ఆసుపత్రులు ఇవ్వవలసింది సరిగ్గా అలా దాచుకోకుండా పనిచేసే వీలు.

రోబో ఎవరికి, కుర్చీ ఎవరికి

యంత్రాలు చాలా దూరం వచ్చాయి. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్చి రోబో, సర్జన్ చేతి కదలికలోంచి వణుకును వడగట్టి, మిగిలిన కదలికను చిన్నది చేసి పరికరం కొసకు అందిస్తుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ రాబర్ట్ మెక్‌లారెన్ రోబో సాయంతో రోగి కంటిలోపల మిల్లీమీటరులో వందో వంతు మందమున్న పొరను తీశారు. బెంగళూరు, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇప్పుడు రోబో ఆపరేషన్లు మామూలైపోతున్నాయి.

గూళూరు వంటి చోట టీకా వేసే ఆరోగ్య కార్యకర్తకు ఇందులో ఏదీ అందదు. ఆమె పని తక్కువ సున్నితమైనదేమీ కాదు. నెలలోపు పసిబిడ్డకు వేసే బీసీజీ 0.05 మిల్లీలీటరు. ఎడమ భుజం చర్మం పొరల మధ్యకే వెళ్లాలి. చిన్న బొబ్బలా లేస్తేనే సరిగ్గా పడినట్టు. సూది ఒక మిల్లీమీటరు లోతుకు జారితే మందు చర్మం కిందికి పోతుంది, గడ్డ కట్టొచ్చు. ఏడుస్తూ గింజుకునే బిడ్డ, తల్లి కంగారు, వరసలో ఇంకా పదిమంది. వాంతులు విరేచనాలతో వడిలిపోయిన పిల్లవాడికి నరం దొరకబుచ్చుకోవడం అంతకన్నా కష్టం. మధ్యవయసులో ఎసెన్షియల్ ట్రెమర్ మొదలైన నర్సుకు ఈ రెండు పనులే గండాలు. బీపీ చూడటం, గాయం కడగటం, కండకు సూది వేయడం, మందులివ్వడం, కాన్పు దగ్గర ధైర్యం చెప్పడం, వీటికి ఆ వణుకు అడ్డే కాదు.

ఆమెకు కావలసినవి ఖరీదైనవి కావు. నిలబడి కాక కూర్చుని సూది వేసేందుకు సరైన ఎత్తు కుర్చీ, మోచెయ్యి ఆనించే బల్ల, మంచి వెలుతురు, బిడ్డను కదలకుండా పట్టుకునే మరో మనిషి. సూది పట్టిన చేతి మణికట్టును రెండో చేత్తో ఆనించుకునే అలవాటు. గుచ్చేముందు గట్టిగా ఊపిరి వదిలి ఆగడం. టీకా రోజున పొద్దున కడుపునిండా తిని రావడం, కాఫీ ఒక గ్లాసు తగ్గించడం. బీసీజీ, పసిపిల్లల సెలైన్ ఈ రెండింటినీ పక్క సెంటర్ సిబ్బందితో మార్చుకునేలా వైద్యాధికారి డ్యూటీ చార్టు వేయడం. వణుకు ఉందని ఆమె నోరు తెరిచి చెప్పగలిగితేనే వీటిలో ఒక్కటైనా జరుగుతుంది.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1998లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక పరిశోధనలో, రాత్రంతా మేలుకున్న సర్జన్లు లాపరోస్కోపీ నమూనా మీద 20 శాతం ఎక్కువ పొరపాట్లు చేశారు, 14 శాతం ఎక్కువ సమయం తీసుకున్నారు. మన దేశంలో రెసిడెంట్ డాక్టర్లకు వరుసగా 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించి డ్యూటీ వేయరాదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం చెప్పింది. అయినా ఒకటిన్నర రోజు ఏకబిగిన పనిచేసిన పీజీలను మనందరం చూశాం. వాళ్ల చేతులు వణికితే ఆ తప్పు వాళ్లది కాదు.

చెప్పుకునే ధైర్యానికి చట్టం

వయసు మీద పడిన సర్జన్ల విషయంలో అమెరికా సర్జన్ల కళాశాల 2016లో ఒక మాట చెప్పింది. 65, 70 ఏళ్ల మధ్య మొదలుపెట్టి, తమంతట తాముగా, గుట్టుగా ఒంటికీ కంటికీ పరీక్ష చేయించుకోవాలని. ‘గుట్టుగా’ అన్నది అందులో ముఖ్యం. ప్రైవేటు ప్రాక్టీసుకు విరమణ వయసు లేని మన దేశంలో ఐఎంఏ శాఖలు, సర్జన్ల సంఘాలు ఇలాంటి ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

విద్యార్థుల విషయంలో సుప్రీంకోర్టు గట్టిగా మాట్లాడింది. ఎంబీబీఎస్‌లో చేరాలంటే ‘రెండు చేతులూ సలక్షణంగా ఉండాలి’ అన్న నిబంధనను 2025 ఫిబ్రవరిలో అన్మోల్ కేసులో తప్పుబట్టింది. వైకల్యం శాతాన్ని కాదు, ఆ మనిషి ఏం చేయగలడో చూడాలని అంతకుముందు 2024 అక్టోబరులోనే ఓంకార్ గోండ్ కేసులో చెప్పింది. ప్రతి డాక్టరూ సర్జన్ కానక్కర్లేదు. పిల్లల జబ్బులు, మానసిక వైద్యం, రేడియాలజీ, చర్మవ్యాధులు, ప్రజారోగ్యం అన్నీ వైద్యమే.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అండ. అందులోని 21 వైకల్యాల జాబితాలో పార్కిన్సన్ పేరు ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్ పేరు లేదు. కాని వికలాంగుడంటే ఎవరో చెప్పే చోట ఆ చట్టం ఒక్క జాబితాతో ఆగలేదు, దీర్ఘకాలం ఉండే ఏ లోపమైనా సమాజంలో ఇతరులతో సమానంగా పాల్గొనడానికి అడ్డుపడుతోందా అని చూడమంది. 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో చేయగలిగిన పోస్టుకు మార్చాలి. పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు చూపాలి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఈ ఫిర్యాదులు వినే అధికారి ఒకరుండాలి.

బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో వణికే చేత్తో రోజూ సూది పడుతున్న సిస్టరమ్మ ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క విషయం. నరాల డాక్టరు చేత పరీక్ష చేయించుకుని నివేదిక తీసుకోండమ్మా. ఏ పని చేయగలరో, ఏ రెండు పనులు కష్టమో విడివిడిగా రాసి, ఆ నివేదిక జతచేసి వైద్యాధికారికి దరఖాస్తు ఇవ్వండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. అందినట్టు నకలు మీద సంతకం, ముద్ర వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.